చెల్లి ముంజేయి

వేళ్లను ముడిచి తెరిచే పెద్ద కండలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. ఈ సంగతి మా ఇంట్లో చదువురానివాళ్లకు కూడా తెలుసు. తెలుసుకునే అవసరం రాకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఎనభైలలో ఒక రోజు, జూలూరుపాడు దగ్గరి మా పత్తి చేలోంచి వస్తూ చెల్లి ఎడ్లబండి మీంచి పడింది. కుడి మోచేయి పైన ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాకు పోదామని అమ్మ మొత్తుకున్నా వినకుండా, నాయన అడవి పక్క ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఎముక విరిగితే మా వైపు అందరూ చేసే పనే అది. ఆయన కోడిగుడ్డు సొన, మినప్పిండి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు.

"నొప్పి లేస్తే మంచిదే, ఎముక అతుకుతున్నట్టు. నడుమల విప్పిండ్రా, చెయ్యి వంకరపోతది," అన్నాడు.

చెల్లి గొంతు పోయేలా ఏడ్చింది. వేళ్లు ఉబ్బి, చల్లబడి, పాలిపోయాయి. అమ్మ కట్టు సడలించబోతే నాయన అడ్డుపడ్డాడు. "జర ఓర్చుకో బిడ్డా, అతుకుతున్నది," అంటూ తనూ కళ్లు తుడుచుకున్నాడు. నొప్పి మంచిదని మొదట ఎవడన్నాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ!

కట్టు విప్పేసరికి ఎముక చక్కగానే అతికింది. వేళ్లు మాత్రం గుప్పిటగా ముడుచుకుపోయాయి. అప్పుడు పోయాం ఖమ్మం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. డాక్టరు నాయన ముంజేయి పట్టుకుని వేళ్లు ఆడించమన్నాడు. చర్మం కింద కండ కదలడం మేమంతా చూశాం.

"ఏళ్లను గుంజేది ఈ కండలేనయ్యా. కట్టు బిగుసుకొని వీటికి నెత్తురు అందలే. సచ్చిన కండ పొట్టిగైతది, ఏళ్లను లోపలికి గుంజి పెడతది," అన్నాడు. హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే వేళ్లు చాలావరకు తెరుచుకోవచ్చనీ, ఆలస్యమైతే కీళ్లు కూడా బిగుసుకుపోతాయనీ చెప్పాడు. నాయన సరేనన్నాడు గానీ, కోత అంటే ఆయనకు పై ప్రాణాలు పైనే పోయేవి.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే చెల్లి ముందు కూర్చుని తన వేలు చాపేవాడు. "పట్టుకో బిడ్డా," అనేవాడు. ఒకనాడు చెల్లి మణికట్టును కిందికి వంచింది. వేళ్లు తెరుచుకున్నాయి. నాయన వేలు అందులోకి తీసుకుని మణికట్టు పైకెత్తింది. వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి.

"అవ్! పట్టు వచ్చింది!" అంటూ నాయన వాకిట్లోకి ఉరికి, కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. "ఇంక కోతెందుకు? దానంతటదే వస్తున్నది గదా," అన్నాడు. మేమూ నమ్మాం. హైదరాబాదు ప్రయాణం ఆగిపోయింది.

పట్టు రాలేదు. కీళ్లు బిగుసుకున్నాక మళ్లీ పోతే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. చెల్లి ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోవడం మానేసింది.

నాయన చనిపోయిన ఏడాది, పత్తి తీస్తుంటే నాతో చెప్పింది. మణికట్టు వంచితే వేళ్లు తెరుచుకుంటాయనీ, ఎత్తితే మూసుకుంటాయనీ, అందులో బలమేమీ లేదనీ తనకు అప్పుడే తెలుసట. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మరి చెప్పొద్దానే! ఏందే నీ మొండితనం? బంగారమసొంటి చెయ్యి పాయె గదనే!" అని అరిచాను.

"కట్టు విప్పిన కాన్నుంచి నాయన నా చెయ్యినే చూసేటోడు అక్కా, నా మొకం చూడలే," అంది. "ఆ దినం చూసిండు."