సరంగు గొంతు మారిన వేసవి

2023 ఫిబ్రవరిలో మొదలైన పని ఇది. విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, రెండు కోచింగ్ సెంటర్ల నెత్తిన, మూడో అంతస్తులో నాకొక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. గొంతులు కోసి బతుకుతుంటాను. కంగారుపడకండి, నేను సౌండ్ ఇంజనీరుని. ఎవరో మైకు ముందు మాట్లాడతారు. అందులోంచి దగ్గులు, తడబాట్లు, అక్కర్లేని ఊపిరి కోసేసి, మిగిలింది అతికించి ఇస్తాను. కింద క్లాసు మారినప్పుడు పిల్లలంతా ఒక్కసారి బెంచీలు జరుపుతారు. ఆ కాసేపు మా గది నేల మద్దెలలా మోగుతుంది కాబట్టి మా పని గంటలు వాళ్ళ టైంటేబుల్‌ని బట్టే ఉంటాయి. నేను ఏ పరీక్షా పాసవకపోయినా ఏ పీరియడ్‌లో ఏం చెబుతారో మాత్రం కంఠస్థం.

మాకు వచ్చేవి ఎక్కువగా క్రైస్తవ భక్తి గీతాలు, ఎన్నికలప్పుడు ఆటో ప్రచారాలు. దేవుణ్ణీ అభ్యర్థినీ ఒకే మైకు ముందు పొగిడారు. మైకు ఇద్దర్నీ నమ్మింది. అలాంటి గదిలోకి వసుంధర మేడమ్ ఒక అంతరిక్ష సామ్రాజ్యాన్ని సంచిలో పెట్టుకుని వచ్చారు.

ఆవిడ దువ్వాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. 'ఏడు చందమామల సామ్రాజ్యం' అని ముప్పై భాగాల నాటకం రాశారు. ఒక ఆడియో యాప్ వాళ్ళు ఒప్పుకున్నారు. కథానాయకుడు మిన్ను. ఏడో చందమామ మీద ఓడలు బాగుచేసే రేవులో పుట్టినవాడు. అంతరిక్ష నౌక గోడకి చెవి ఆనిస్తే చాలు, లోపల ఇంజనుకి ఏం జబ్బో చెప్పేస్తాడు. కథ మొదట్లో వాడికి పదేళ్ళు. చక్రవర్తి సైనికులు వాణ్ణి ఎత్తుకుపోయి యుద్ధనౌకల్లో పెంచుతారు. చివరికి పదహారేళ్ళ వయసులో, తన చందమామని కాల్చెయ్యమన్న చక్రవర్తికి ఎదురుగా నిలబడి, నౌకని వెనక్కి తిప్పుతాడు.

కథలో ఓడరేవు ఉంది కాబట్టి మాకు ఓడరేవు చప్పుళ్ళు కావాలి. ఒక తెల్లవారుజామున రికార్డర్ పట్టుకుని మేడమ్‌తో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. ఐసు దిమ్మల్ని పొడి చేసే మిషను చప్పుడు పట్టుకున్నాను. తర్వాత అదే చక్రవర్తి యుద్ధనౌక ఇంజను అయింది. అక్కడే పోలమ్మ గారు చేపలు వేలం పాడుతున్నారు. పక్కనే ఆవిడ కొడుకు నూకరాజు, పదమూడేళ్ళవాడు, అమ్మ పాటని ఆవిడ గొంతులోనే తిరిగి పాడి కొనేవాళ్ళని నవ్విస్తున్నాడు. తర్వాత దళారి గొంతు, ఆ తర్వాత ఐసు మిషను చప్పుడు కూడా దించేశాడు. మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఈ గొంతే నాకు కావాలి."

పోలమ్మ గారు విన్నారు. "గొంతేటమ్మా, సేప కొనండి ముందు!"

కానాగంత చేపలు కొన్నాం. తర్వాతే గొంతు సంగతి మాట్లాడనిచ్చారు.

మిన్ను ఏ భాష మాట్లాడాలన్న చర్చ మాకు రాలేదు. రేవులో పుట్టినవాడు రేవు మాటే మాట్లాడతాడని మేడమ్ తేల్చేశారు. చక్రవర్తి మాత్రం గ్రాంథికంలో గర్జిస్తాడు. ఆ వేషం పాత నాటకాల నటుడు, మేమంతా మాస్టారు అని పిలిచే పెద్దాయనది. ఆయనకి మార్చిలో రాయపూర్‌లో కూతురింటి దగ్గర కంటి ఆపరేషన్. ఎప్పుడు తిరిగొస్తారో తెలియదు. అందుకని మా వృత్తిలో అందరూ చేసేదే మేమూ చేశాం. చక్రవర్తి ఉన్న ఘట్టాలన్నీ, అంటే కథ చివరి భాగాలు, ముందు రికార్డు చేసేశాం. మొదటి భాగాలు నూకరాజు పరీక్షలయ్యాక చేద్దామనుకున్నాం.

ఎవరి గొంతు వారి ట్రాక్‌లో, అంటే విడివిడి వరసల్లో పడుతుంది. తర్వాత కలుపుకోవచ్చు. అయినా ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాం. మాస్టారు, "ఓరీ బాలకా! ఎవ్వడవు నీవు?" అని గద్దించారు. నూకరాజు గంటలాంటి గొంతుతో, "నాను కుర్రోణ్ణి కాదు. ఈ ఓడకి సరంగుని!" అన్నాడు. సరంగంటే ఓడని నడిపే పెద్ద. హార్బర్ పిల్లాడికి ఆ మాట బరువు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎంత ముద్దుగా ఉందో," అన్నారు మేడమ్. అంటూనే నుదురు చిట్లించుకున్నారు. సామ్రాజ్యం కూలే మాట ముద్దుగా ఉండకూడదు కదా. కానీ టేక్ బాగానే వచ్చింది, మాస్టారి రైలుకి టైమైంది. సరే అనుకున్నాం.

వేసవి సెలవులు ఇచ్చారు. సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం కూడా మొదలైంది. హార్బర్ అంతా ఖాళీ. నూకరాజు మెట్లెక్కి వచ్చాడు. వాడికన్నా ముందు వాడి మోకాళ్ళు వచ్చినట్టున్నాయి, అంత పొడుగయ్యాడు. మొదటి భాగం, మొదటి మాట. పదేళ్ళ మిన్ను ఓడ గోడకి చెవి పెట్టి, "అమ్మా, ఈ ఓడకి కడుపు నొప్పే," అనాలి.

'అమ్మా' పైన మొదలై, 'ఓడకి' దగ్గర బావిలో పడి, 'నొప్పే' దగ్గర మళ్ళీ పైకి తేలింది. మైకు ముందు ఒక్కడే ఉన్నాడు. నా హెడ్‌ఫోన్స్‌లో ముగ్గురున్నారు.

"జలుబు సేసిందండి," అన్నాడు.

మర్నాడు కూడా జలుబే. ఆ మర్నాడూ జలుబే. పోలమ్మ గారు శొంఠి కషాయం సీసాలో పోసి పంపారు. మా ఇంటావిడ మిరియాల పాలు పంపింది. స్టూడియో వైద్యశాల అయింది కానీ మిన్ను కోలుకోలేదు. కంప్యూటర్‌లో పిచ్ షిఫ్ట్ అని ఒక సాధనం ఉంది, గొంతుని పైకీ కిందికీ జరుపుతుంది. కొంచెం జరిపితే మనిషే. పదేళ్ళవాడి దాకా జరిపితే రేకు డబ్బాలో పడ్డ ఎలక. అది విని మేడమ్ కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"జలుబు కాదు కదా ఇది?"

"కాదు మేడమ్. దీనికి మందు లేదు. నాకూ వచ్చింది ఒకప్పుడు."

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. మాస్టారూ నేనూ ఇద్దరం మగవాళ్ళమే, ఒక వయసులో గొంతు విరిగినవాళ్ళమే. పదమూడేళ్ళవాడి దగ్గర కథని చివరి నుంచి మొదటికి రికార్డు చేస్తూ ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఫలితం ఏమిటంటే, మా సామ్రాజ్యంలో పదహారేళ్ళ వీరుడికి పసిగొంతు, పదేళ్ళ పసివాడికి మగగొంతు. మా మిన్ను వెనక్కి ఎదుగుతున్నాడు.

జూన్ మొదట్లో పది భాగాలు యాప్ వాళ్ళకి అందాలి. మేడమ్ నూకరాజుని పిలిచి కూర్చోబెట్టారు.

"నీ తప్పేం లేదు రాజూ. కానీ వేరే అబ్బాయిని చూడాల్సొచ్చేట్టుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే గొంతు ఉండాలి కదా. రేపు మధ్యాహ్నం ఒకబ్బాయి వస్తాడు."

"మరి నాను సెప్పినవి?"

మేడమ్ నావైపు చూశారు. నేను మౌస్ వైపు చూశాను. మౌస్‌కి చూసే దిక్కు లేదు.

"తీసెయ్యాలమ్మా," అన్నారు మేడమ్.

వాడు ఏడవలేదు. చెప్పులు తొడుక్కుంటూ, "హార్బర్లో అందరికీ సెప్పీసినానండి," అన్నాడు, పెద్ద గొంతులో ఒక ముక్క, చిన్న గొంతులో ఒక ముక్క. వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికే తలుపు తట్టారు. నూకరాజు, వాడి పక్కన నూనె రాసి బిగించిన రెండు జడల పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి.

"మా సెల్లండి. పైడి. చిన్నప్పటి మిన్నుకి దీని గొంతెట్టండి. సివర్లో ఉన్నవి నాను మళ్ళీ సెప్తాను, ఈ గొంతుతోటి."

మేడమ్ వాడినే చూస్తున్నారు. "అలా అయితే మొదట్లో అందరూ వినేది నీ గొంతు కాదు, తెలుసా? నువ్వు పదిహేనో భాగం దాటాకే వస్తావు. అప్పటిదాకా ఎంతమంది వింటారో."

"తెలుసండి. రాత్తిరంతా అదే ఆలోసించినాను." చప్పుడు పీల్చడానికి గోడకి అతికించిన ఫోమ్ పలకని గోకాడు. "మిన్ను ఎదుగుతాడు కదండి. అలాగే ఎదగనీండి."

"అన్నా, నాకు బిస్కట్ ఇస్తానన్నావ్," అంది పైడి.

నేను ఇద్దరితో ఒకే మాట చెప్పించి చూశాను. మాట చివర మింగడం, ఆశ్చర్యపడితే ముక్కుతో నవ్వడం, అంతా ఒకే ఇంటి సరుకు. మేడమ్ బయటికి వెళ్ళి మధ్యాహ్నం రావాల్సిన అబ్బాయి వాళ్ళకి రావద్దని ఫోన్ చేశారు. నేను బిస్కట్లు తెప్పించాను.

ఒక చిక్కు మిగిలింది. పైడి కూడబలుక్కుని చదువుతుంది. కాగితం ఇస్తే మిన్ను ఓడ గోడకి కాదు, ఎక్కాల పుస్తకానికి చెవి పెట్టినట్టుంటుంది. అందుకని నూకరాజు దాని వెనక నిలబడి ప్రతి మాటా ముందు చెవిలో గుసగుసగా చెప్పేవాడు. చెప్పి భుజం మీద తట్టేవాడు. అది అనేది.

"బయపడతన్నట్టు సెప్పు."

"నాకు బయం నేదు కదా."

"నీకు నేదే. మిన్నుకుంది."

"మరి మిన్నునే సెప్పమను."

"నువ్వే మిన్నువి. నిన్నటి దాకా నాను." ఇది కూడా టేక్‌లో పడింది.

గుసగుస మైకులో పడుతుంది. కాబట్టి పైడి పలికిన ప్రతి వాక్యం ముందూ నూకరాజు విరిగిన గొంతు ఉంది. ఎడిటింగ్‌లో వాటిని ఒక్కొక్కటే వెతికి కోశాను. పదేళ్ళ మిన్ను ఏ మాట అన్నా, దాని ముందు పెద్ద మిన్ను అదే మాట మెల్లగా అని తప్పుకున్నాడు. వినేవాళ్ళకి తెలియదు. తెలియకూడదు కూడా, అందుకే నాకు డబ్బులిస్తారు.

చివరి ఘట్టం మళ్ళీ చేశాం. ఈసారి ఎదుట మాస్టారు లేరు, ఆయన ట్రాక్ ఒక్కటే నూకరాజు చెవుల్లో మోగుతోంది. "ఎవ్వడవు నీవు?" వాడు ఊపిరి తీసుకున్నాడు. "నాను కుర్రోణ్ణి కాదు. ఈ ఓడకి సరం..." దగ్గర గొంతు రెండుగా చీలి, కిందకి దిగి, "...గుని" దగ్గర నిలబడింది.

నా చెయ్యి అలవాటుగా పంచ్-ఇన్ బటన్ మీదకి వెళ్ళింది. పంచ్-ఇన్ అంటే పాడైన ముక్క వరకే మళ్ళీ పలికించి పాతదాని మీద అతకడం. ఇన్నేళ్ళుగా చీలిన గొంతు కనపడితే కోసెయ్యడమే నాకు తెలుసు. మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు, హార్బర్‌లో పట్టుకున్నట్టే.

"ఉండనివ్వండి."

ఉంచాం. ఆపరేషన్ నుంచి నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చిన మాస్టారికి వినిపిస్తే, ఆయన మళ్ళీ పెట్టమని ఇంకోసారి విన్నారు. "ఇప్పుడు వీడంటే భయమేసిందయ్యా. మొదటిసారి అన్నప్పుడు చాక్లెట్ ఇవ్వాలనిపించింది," అన్నారు.

నాటకం యాప్‌లోకి వచ్చిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం పోలమ్మ గారు చేపల సంచితో మూడంతస్తులు ఎక్కి వచ్చారు. వెనక నూకరాజు. నేను కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారేమో అనుకుని మొహమాటంగా నవ్వడానికి సిద్ధమయ్యాను. ఆవిడకి అంత తీరిక లేదు.

"బాబు, ఈడి పాత గొంతు మీ కాడ ఉందా?"

"ఏ గొంతమ్మా?"

"ముందుది. ఫొటోలున్నాయి బాబు మా ఇంట్లో, ఫోన్నిండా. ఈడు మాటాడింది ఒక్కటీ నేదు. రోజూ ఇన్నదే కదా అని ఎవులూ పట్టనేదు. ఎలిపోయినాక తెలిసింది, ఆ గొంతు మరి రాదని."

పని ముగిశాక వాడని టేకులు చెరిపేసి డిస్కులో చోటు చేసుకోవడం మా పద్ధతి. వాటిని ఎన్‌జీ అంటాం, పనికిరానివని. నా బద్ధకం నాకు కష్టాలే తెచ్చింది ఎప్పుడూ. ఈ ఒక్కసారి మేలు చేసింది. ఫిబ్రవరి ఫోల్డర్ అలాగే ఉంది.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. చక్రవర్తి గద్దించాడు. ఆ గంటలాంటి గొంతు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకి తామెంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియదు. పైగా ఆవిడది వేలం పాడే గొంతు.

"కుర్రోడు కాదంట! ఇన్నారా బాబు, కుర్రోడు కాదంట ఈడు!" నవ్వుతున్నారు, కొంగు కళ్ళ మీదికి వెళ్ళింది. "మళ్ళీ ఎట్టండి!"

గుమ్మంలోంచి నూకరాజు సరంగు గొంతుతో, "అమ్మా, మెల్లగా! కింద కలాసులవుతన్నాయి," అన్నాడు. ఆవిడకి వినపడలేదు. ఆవిడ చెవుల్లో ఉన్నది వేరే నూకరాజు.

ఆ తర్వాత పిల్లల గొంతులతో పని వస్తే, ఎవరి రైలుకి టైమైనా సరే, కథ మొదటి నుంచే రికార్డు చేస్తున్నాను. చీలిన గొంతు కనపడగానే కత్తెర ఎత్తకుండా ఒకసారి పూర్తిగా వింటున్నాను. డిలీట్ నొక్కే ముందు, ఇది ఎవరికైనా కావాలా అని ఇంటివాళ్ళకి ఫోన్ చేసి అడుగుతున్నాను. డిస్కు నిండిపోతోందని మా ఇంటావిడ సణుగుతోంది.

ఆ రికార్డింగు పెన్ డ్రైవ్‌లో వేసి పోలమ్మ గారికి ఇచ్చాను. అయినా వేట నిషేధం రోజుల్లో, హార్బర్‌లో పని లేనప్పుడు, ఆవిడ మెట్లెక్కి వస్తూనే ఉంటారు. ఇంట్లో అయితే కొడుకు సిగ్గుపడి ఆపేస్తాడట. నేను హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఎన్‌జీ అని పేరున్న ఆ ఫైలు పెట్టి, తలుపు గట్టిగా వేస్తాను. మామూలుగా బయటి చప్పుడు లోపలికి రాకుండా వేసే తలుపు అది. ఆవిడ వచ్చినప్పుడు మాత్రం, కింద పరీక్ష రాసేవాళ్ళ కోసం వేస్తాను.