ఇద్దరికి ఒక బల్ల

మా గల్లీ పార్కులో ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునే చోటు ఒక్కటి కూడా లేదు. ఈ మాట పార్కు కమిటీ వాళ్ళకి ఏళ్ళ తరబడి చెబుతున్నాను. "చూద్దాం పెద్దాయనా" అంటారు. ఏం చూస్తారో వాళ్ళకే తెలియాలి. నోటితో చెబితే వినలేదు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. వెళ్ళి అడగమని నన్ను తోసేవారు ఒకరుండేవారు, డ్రాయింగు సారు. పోయిన నెల ఆయన చనిపోయారు.

నేను చదివింది రెండో తరగతి. నాంపల్లి స్టేషనులో మూటలు మోసి బతికినవాణ్ణి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. విషయంలో తప్పు లేదు.

కబురు తెచ్చింది సారు చెల్లెలు. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అన్నాచెల్లెళ్ళిద్దరూ మా పక్క గల్లీలో ఒక పై వాటాలో కిరాయికి ఉండేవారు. పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"అన్నా, మా అన్న ప్రభువునందు నిద్రించిండు."

నేను పళ్ళు తోముకుంటున్నాను. "పడుకోనియ్యమ్మా, నిన్న పార్కులో కూడా దగ్గుతూనే ఉన్నారు. లేచాక సాయంత్రం నేను వస్తానని చెప్పు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. తరవాత, "లేవడన్నా" అంది.

వాళ్ళ చర్చిలో పోవడాన్ని అలా అంటారట. అన్నేళ్ళ స్నేహంలో ఆ మాట నా చెవిన పడలేదు. వేపపుల్ల చేతిలో పట్టుకునే ఆమె వెంట వెళ్ళాను.

సారుది మెదక్ వైపు. మిషను బళ్ళో చదువుకుని, అబిడ్స్‌లో ఒక బళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి అయిపోగానే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనడం ఆయనకి అలవాటు. ఒక ఆదివారం ఆ పుస్తకాల కట్ట ఎత్తలేక అవస్థ పడుతుంటే చూసి ఊరుకోలేక నేనే ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. కూలీ వద్దన్నాను. "అయితే చాయ్ తాగుదాం పా" అని ఇరానీ హోటలుకి తీసుకెళ్ళారు. ఏ ఊరని అడిగితే బెజవాడ దగ్గర పల్లెటూరన్నాను. ఊరి పేరు కూడా చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి నా పేరు బెజవాడే.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. జేబు లోపల తెల్లగా పిండి. చాయ్ వచ్చేలోపు ఆ సుద్దతో హోటలు పాలరాతి మీద పులి-మేక గీత గీసేశారు.

"బల్ల మీద గీస్తే సేటు తిడతాడు సారూ" అన్నాను.

"మీ దిక్కు మేజను బల్ల అంటరా? మరి కూసునేదాన్నేమంటరు?"

"దాన్నీ బల్లే అంటాం."

"రెండిటికీ ఒకటే మాటనా! గట్లయితే మీరు అన్నం మీద కూసుంటరేమొ, జర చూసుకోండి."

ఇంత పెద్దమనిషి ఇలా మాట్లాడతాడా అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది.

పులి-మేక తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒకడికి మూడు పులులు, ఇంకొకడికి మేకల మంద. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చేరి పులిని కదలకుండా చుట్టేస్తే పులి కట్టుబడినట్టు. నేను పులి తప్ప పట్టను. సారు మేకలు తప్ప పట్టరు. "పులికి ఆకలి, అందుకే తొందర. మేకకేం తొందర?" అనేవారు. చింతగింజలే మేకలు. ఒక్కొక్కటీ నిమ్మళంగా పెట్టుకుంటూ వచ్చి నా పులుల్ని కట్టేసేవారు.

ఒక చాయ్‌తో సాయంత్రమంతా కూర్చుంటే ఏ సేటు ఊరుకుంటాడు? బయటికి పంపేశాడు. సరిగ్గా అప్పుడే మా గల్లీల మధ్య చెత్త వేసే ఖాళీ జాగాని పార్కు చేద్దామని కమిటీ వేశారు. నాంపల్లి కోర్టులో పని చేసే ఒక వకీలు గారు దానికి ప్రెసిడెంటు. ఎవరికేం కావాలో చెప్పమని మీటింగు పెట్టారు. ఒకరు ఉయ్యాలన్నారు, ఒకరు జారుడుబండన్నారు, ఒకరు షటిల్ కోర్టన్నారు. ప్లాను గీసే పని సారుకి ఇచ్చారు.

ఆయన గీయడం నేను పక్కనుండి చూశాను. ముందు పెన్సిలుతో మనుషుల్ని గీశారు. ఉయ్యాల లేదు, ఊగే పిల్ల ఉంది. నడిచే బాట లేదు, నడిచే ముసలమ్మ ఉంది. వేపచెట్టు కింద ఎదురెదురుగా ఇద్దరు. అదేమిటని అడిగితే, "ముందుగాల మనుషులను కూసోబెట్టాలె బెజవాడా. తర్వాత వాళ్ళ కింద ఏం గావాల్నో గది పెట్టాలె" అన్నారు. ఆ ఇద్దరి మధ్య సిరాతో ఒక నలుచదరం గీశారు, అది ఆట ఆడుకునే బల్ల. అటొక గుండ్రం, ఇటొక గుండ్రం. అవి కూర్చునే పీటలు.

తరవాతి మీటింగులో నన్ను లేచి చెప్పమని సారే పొడిచారు. లేచాను. "మాకు వేపచెట్టు కింద ఒక బల్ల కావాలి. ఇద్దరికి" అన్నాను. రాసుకున్నారు.

ఆ ప్లానుని కాంట్రాక్టరు కోసం జిరాక్సు తీయించారు. సిరా గీతలు పడ్డాయి, పెన్సిలు పడలేదు. మనుషులంతా పోయి వస్తువులు మిగిలాయి. పార్కు తెరిచిన రోజున సారూ నేనూ ముస్తాబై వెళ్ళి చూస్తే వేపచెట్టు కింద ఇద్దరు పట్టే సిమెంటు బెంచీ ఒకటి, కాంపౌండు గోడకేసి తిరిగి ఉంది. దానికి అటొక పూలకుండీ, ఇటొక పూలకుండీ. కుండీల్లో క్రోటన్ మొక్కలు కూడా నాటారు.

"ఏంటి సారూ ఇది?"

"నువ్వు అడిగినవు, వాళ్ళు ఇచ్చిన్రు. బల్ల!" సారు కడుపు పట్టుకుని నవ్వారు. "నీ బెజవాడ బల్ల మనల్ని ముంచింది పో!"

"బల్ల అంటే బల్లే సారూ. పీటలు పూలకుండీలైతే నేనేం చేసేది?"

"ఔ, గదీ నిజమే. ఇగ ఆ కుండీల కూసో నువ్వు, ఈ కుండీల నేను కూసుంట."

ప్రెసిడెంటు గారిని అడిగితే, "మీరేగా పెద్దాయనా బల్లన్నది" అన్నారు. మా కృష్ణా జిల్లా మనిషే. ఆయనింట్లో అన్నం తినేదాన్ని ఏమంటారని అడిగాను. నవ్వి, స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

అయినా ఆట మానలేదు. బెంచీకి ఆ కొసన నేను, ఈ కొసన సారు, సైకిలెక్కినట్టు చెరో కాలు అటూ ఇటూ వేసి ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. మధ్యలో సుద్దగీత. కూరగాయల సంచీతో పోయే ఒకావిడ, "ఏంది తాతలూ, బండి ఎక్కడిదాక పోతున్నది?" అని అడిగితే, "కాజీపేట్ దాక. జాగ ఉన్నది, ఎక్కు బిడ్డా" అన్నారు సారు.

చాయ్ ఫ్లాస్కులో ఆయనే తెచ్చేవారు. తాగేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆ సందులో నేను పులిని ఒక గీత జరిపితే, కళ్ళు తెరవకుండానే "ఎన్కకు పెట్టు బెజవాడా" అనేవారు. క్రిస్మస్ రోజుల్లో గులాబీ పువ్వులనే పిండివంట డబ్బాలో పెట్టుకొచ్చి, "ఓడినోడు ముందు తినాలె" అని నాకే ముందు ఇచ్చేవారు. నేను గెలిచినా నాకే ముందు ఇచ్చేవారు.

అన్నాళ్ళు ఎదురుగా చూడబట్టి ఆయన ముఖం నాకు కంఠతా వచ్చేసింది. మేకని ఎరగా వేస్తున్నప్పుడు ఎడమ కనుబొమ లేస్తుంది. పులి కట్టుబడబోయే ముందు పై పెదవి నాలుకతో తడుపుకుంటారు. దగ్గు వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఇంట్లో నాకు ఇలా తెలిసిన ముఖం ఇంకొకటి లేదు. మా ఇంట్లో అందరూ వరసగా కూర్చుని టీవీ చూస్తారు. నేనూ ఆ వరసలోనే.

తరవాత ఒకరోజు అబిడ్స్ పోస్టాఫీసు ముందు బస్సు దిగుతూ సారు పడ్డారు. మోకాలు పోయింది. బెంచీకి అటువైపు కాలు వేయడం ఇక ఆయన వల్ల కాలేదు. పక్కపక్కన కూర్చుని మెడలు తిప్పి ఆడి చూశాం. ఆయనకి మెడ పట్టేసింది, నాకు కోపం వచ్చింది. గింజలు జేబులో పోసుకున్నాం. ఆ తరవాత రోజూ వెళ్ళాం, రోజూ కూర్చున్నాం, ఇద్దరమూ గోడకేసి. గోడ మీద సినిమా పోస్టర్లు మారుతుండేవి. ఎంతమంది హీరోల ముఖాలు చూశామో. నేను గోడతో మాట్లాడితే ఆయన గోడకి జవాబు చెప్పేవారు.

"కమిటీని ఇంకోపారి అడుగు" అనేవారు. "నువ్వడిగితే జర గట్టిగుంటది. నేనడిగితే ప్రార్థన లెక్కుంటది."

అడిగాను. వచ్చే ప్లానులో చూద్దామన్నారు.

ఆ పొద్దున చెల్లెలి వెంట మెట్లెక్కి వెళ్ళి, మంచం కాళ్ళ వైపు నిలబడి సారు ముఖం చూశాను. అన్నాళ్ళకి ఎదురుగా చూడడం అదే. అది నాకు తెలిసిన ముఖం కాదు. దవడలు లోపలికి పోయాయి. కళ్ళ కింద గుంటలు. ముక్కు ఒక్కటే ఆయనది. మనిషి ఎన్నో నెలలుగా కరిగిపోయి ఉండాలి. రోజూ నా భుజం పక్కనే కూర్చుని కరిగిపోయారు.

చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "వాన కాలం సంది అన్నం సగం ఇడిసిపెడుతుండె. నాకు దవాఖాన వద్దు అంటుండె. రోజు కూసుంటుంటిరి గదన్నా, మీరన్నా చూడలే?"

"పక్కన కూర్చున్నానమ్మా" అన్నాను.

ఆమెకి అర్థమైందో లేదో నాకు తెలియదు. ఈ కాగితం చదివేవాళ్ళకైనా అర్థం కావాలి. ఎదురుగా కూర్చుని ఉంటే ఆ కనుబొమా, ఆ చెవులూ, ఆ దవడలూ నా కంట పడేవి. చెయ్యి పట్టుకుని దవాఖానకి లాక్కుపోయేవాణ్ణి. నా మాట కాదనేవారు కాదు. బతికేవారో లేదో నేను చెప్పలేను. ముఖం మాత్రం చూసి ఉండేవాణ్ణి.

సమాధుల తోట నుంచి వచ్చేటప్పుడు ప్రెసిడెంటు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. పార్కుకి కొత్త ప్లాను తయారైందట. రంగు దీపాల ఫౌంటెను, పిల్లలు చక్రాల బూట్లతో తిరిగే గచ్చు, చుట్టూ నడిచే బాట. "సారు పేరు చెక్కించి ఒక పాలరాతి బెంచీ కూడా వేయిద్దాం" అన్నారు.

"ఎటు తిరిగి?" అన్నాను.

"ఎటైతేనేం పెద్దాయనా, ఆయన జ్ఞాపకం కదా."

"బెంచీ వద్దు. ఆయన అడిగింది వెయ్యండి."

ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగా అడిగారు. "వేస్తాం సరే. ఇంక ఎవరితో ఆడతారు?"

దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. నా జన్మంతా రైలుపెట్టెల్లో మూటలు సర్దాను. ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్ళు బండి కదిలేలోపే ఏ ఊరని అడుగుతారు, డబ్బా విప్పితే ముద్ద పెడతారు. ఒకే బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళు ప్లాట్‌ఫారం చూస్తుంటారు. పార్కులో నాలాంటి వాళ్ళు ఎంతోమంది ఉన్నారు. సాయంత్రం వస్తారు, బెంచీకొకరు కూర్చుంటారు, చీకటి పడితే లేచిపోతారు. ఎదురుగా ఒక పీట ఖాళీగా ఉంటే ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడు. చింతగింజలు నా దగ్గరున్నాయి. మేకలు ఎలా పెట్టాలో సారుని చూసి నేర్చుకున్నాను. ఇకమీదట పులులు వాడికే ఇస్తాను.

ఈ నెల ఆఖరి ఆదివారం సాయంత్రం చర్చిలో సారు జ్ఞాపకార్థ కూడిక ఉంది. కమిటీ వాళ్ళు దండ పట్టుకుని వస్తామన్నారు. దండ లేకపోయినా పర్వాలేదు, జవాబు పట్టుకుని రండి. ఆయన చెల్లెలి ముందు చెప్పండి, వేస్తారో వెయ్యరో. "చూద్దాం" అంటే నేను ఒప్పుకోను. ఈసారి బల్ల అని రాసుకోకండి. మేజ అని రాయండి. అది ఆయన మాట. మేజ ఒకటి, దాని మీద పులి-మేక గీత చెక్కించాలి. అటొక పీట, ఇటొక పీట, మనుషులు కూర్చునేవి.

రోజూ సాయంత్రం ఆ బెంచీ మీదే ఉంటున్నాను. సగంలోనే కూర్చుంటాను, మిగతా సగం ఆయన రోజూ కూర్చునే ముందు రుమాలుతో తుడిచినట్టే తుడిచి వదిలేస్తాను. ఆదివారం దాకా ఎదురుచూస్తాను. ఎదురుగా గోడ ఉంది.