దగ్గు తగ్గాక రండి

మా వదినను, అంటే మా ఆయన అక్కను, మిల్లులో అందరూ ఊదమ్మ అంటారు. గొట్టం నోటికందించి "ఊదు, ఊదు, ఇంకా ఊదు!" అని ఆవిడ కేకలేస్తుంటే చచ్చినవాడైనా లేచి ఊదాల్సిందే. ఊపిరి ఎంత బలంగా ఉందో గొట్టానికి తగిలించిన డబ్బా మీది ముల్లు చూపిస్తుంది. నూలు మిల్లు దుమ్ము ఊపిరితిత్తులను తింటోందో లేదో తేల్చమని ప్రభుత్వం ఒక డాక్టరమ్మకు అప్పగిస్తే, ఆమె ఈవిడను పనిలో పెట్టుకుంది.

పరీక్షలు ముగిశాయి. అందరి ఊపిరీ భేషుగ్గా ఉందట. ఇంకేం, దుమ్ము లాగే యంత్రాలు పెట్టమని మిల్లులను బలవంతపెట్టనక్కర్లేదని పై అధికారులు మొగ్గుతున్నారట. మా ఆయన ఆ మిల్లులోనే దూది ఏకే యంత్రం దగ్గర పనిచేస్తాడు. మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని దగ్గుతాడు. ఏ ముల్లు చెప్పిందమ్మా ఈయన ఊపిరి బాగుందని?

డాక్టరమ్మకూ అనుమానమే వచ్చింది. వదినను పిలిచి, "దగ్గేవాళ్ళు ఒక్కరూ లేరేంటమ్మా ఇందులో?" అని అడిగిందట.

"దగ్గుంటే ఊదించొద్దని మీరే కదా నేర్పారు! తగ్గాక రమ్మని పంపేశాను. మళ్ళీ ఎవరూ రాలేదు."

"తగ్గితే కదా వచ్చేది," అని డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "నాకూ తట్టలేదు చూడు." వెంటనే అధికారులను బతిమాలి, దగ్గేవాళ్ళను కూడా ఊదించడానికి వారం గడువు తెచ్చింది.

వదిన తిన్నగా మా ఇంటికొచ్చింది. "ఒరేయ్, రేపొచ్చి ఊదు. నువ్వు కదిలితేనే మిగతావాళ్ళూ కదులుతారు."

"నా దగ్గు తగ్గిపోయిందక్కా," అన్నాడాయన. అంటూనే దగ్గాడు. తెరలు తగ్గాక అసలు మాట బయటపెట్టాడు. "ముల్లు లేవలేదంటే పనిలోంచి తీసేస్తారే."

"పేర్లు మిల్లుకు చెప్పం రా."

"మిల్లువాళ్ళకు కళ్ళు లేవా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పని పోతుందని నాకూ భయమే. మనిషే పోతాడన్న భయం అంతకన్నా పెద్దది. తెల్లారాక చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

నేనూ వెంట వెళ్ళాను. ఆయన కదలడం చూసి తామూ పరీక్షకు వచ్చినవాళ్ళు డాక్టరమ్మ గది వరండాలో దగ్గుతున్నారు. వదిన గొట్టం అందించింది. ఆయన కళ్ళు మూసుకుని ఊదాడు. వదిన కేకలెయ్యడం మరిచి ముల్లునే చూస్తోంది.

"చెప్పమ్మా, ఇంకా ఊదమను," అంది డాక్టరమ్మ.

వదిన నోరు తెరిచేలోపే ముల్లు సగమైనా ఎక్కకుండా ఆగిపోయింది. ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నాడు.