‘బాగుంది’ అనని సాంబమూర్తి

సాంబమూర్తి గారి నోట ‘బాగుంది’ అన్న మాట విన్నవాళ్ళు మా కాలనీలో ఎవరూ లేరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా గాలించినా దొరకరు. కాఫీ ఇస్తే, "డికాషన్ ఏడుస్తోందండీ" అనేవారు. మండువేసవిలో ఒక సాయంత్రం వాన పడితే కాలనీ అంతా వీధిలోకి వచ్చి తడిసింది. ఆయన మాత్రం గొడుగు కింద నుంచి ఆకాశాన్ని చూసి, "బూడిద రంగు ఎక్కువైంది" అన్నారు.

మా అమ్మాయి పుట్టినప్పుడు చూడడానికి వచ్చారు. ముక్కు మా ఆవిడదనీ కళ్ళు నావనీ అందరూ వాటాలు వేస్తుంటే, ఈయన ఉయ్యాల మీదికి వంగి చాలాసేపు పరిశీలించారు.

"చెవులు సమంగా లేవండీ. ఎడమది కాస్త కిందికి దిగింది."

ఆ రోజు నుంచి మా ఆవిడ ఆయనకి కాఫీ ఇవ్వడం మానేసింది. మర్నాడు ఎవరూ లేనప్పుడు నేనూ వంగి చూసుకున్నాను. దిగే ఉంది.

ఆయనది కాకినాడ వైపు. బొమ్మలు వేసేవారు. చైతన్యపురి దాటాక పొలాలన్నీ ప్లాట్లవుతున్న ఎనభైలలో, పాండురంగం అనే పాత ఊరి రైతు పొలం అమ్మి మేడ కట్టాడు. ఆ మేడ పైవాటాలో నేను కిరాయికి ఉండేవాణ్ణి. కింద ముందు హాలు సాంబమూర్తి గారు తీసుకుని గ్యాలరీ పెట్టారు. గోడలు కట్టడానికే ఊపిరాడని జనం, గోడకి ఏం తగిలించాలా అని ఎప్పుడు ఆలోచిస్తారు? ఉన్న గోడలకి కిరాణా కొట్టువాడిచ్చే క్యాలెండర్లు చాలు.

ఒకే ఒక్కసారి కొనే మనిషి వచ్చింది. కొత్త ఇల్లు కట్టుకున్న ఒక డాక్టరు గారి భార్య.

"ఈ నీలం బొమ్మ మా సోఫాకి సరిగ్గా సరిపోతుంది. బాగుంది కదండీ?"

"లేదండీ. ఆకాశం తేలిపోయింది" అన్నారు, దాన్ని వేసిన సాంబమూర్తి గారే.

ఆవిడ వెళ్ళి ప్లాస్టిక్ పూలు కొనుక్కుంది. "మీ బొమ్మని మీరే తిట్టుకుంటే ఎలా మాస్టారూ?" అని నేను తల పట్టుకున్నాను.

"ఆవిడ బొమ్మని చూసిందా? సోఫాని చూసింది. బొమ్మ గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి కదండీ."

వేసవి సెలవుల్లో మాత్రం గ్యాలరీ కిటకిటలాడేది. పిల్లలకి బొమ్మలు నేర్పుతానని ఆయన బోర్డు పెట్టారు. తల్లులు ఎగబడ్డది కళ మీద ప్రేమతో కాదు. ఎర్రటి ఎండలో పిల్లల్ని ఇంట్లోంచి బయటికి పంపడానికి ఫ్యాను ఉన్న చోటు అదొక్కటే.

"ఏవిట్రా ఇది?"

"ఏనుగు సార్."

"ఏనుగా? గోనెసంచికి తోక కుట్టావు. మళ్ళీ వెయ్యి."

పిల్లాడు ఏడవాలి కదా! పకపకా నవ్వి ఇంకో కాగితం అందుకునేవాడు. సాయంత్రం వీధిలో పోటీలు. "నా చెట్టును చీపురన్నడు!" "అదేం గొప్పరా, నా బస్సు సబ్బుపెట్టెనట!" పెద్ద తిట్టు పడినవాడే ఆ రోజుకి మొనగాడు.

ఒక వేసవిలో పాండురంగం మనవరాలు ఆండాలు కూడా వచ్చి చేరింది. పసితనంలో జ్వరం వచ్చి ఆ పిల్ల కుడిచెయ్యి సన్నబడిపోయింది. ఎడమచేత్తో గీసేది. ఆమె ఏం చేసినా "అబ్బ, ఎంత మంచిగున్నదో!" అనడం ఇంట్లోవాళ్ళకీ, బడిలోవాళ్ళకీ, నాతో సహా అందరికీ అలవాటు. ఆ వెంటనే గొంతు తగ్గించి "పాపం" అని తగిలించడమూ అలవాటే.

పాండురంగం ముందుగానే వచ్చి చెప్పాడు. "సార్, మా పోరిని తిట్టకుండ్రి. ఏమేసినా మంచిగున్నదని ఒక్క మాటనుండ్రి."

"బాగుంటే అంటానండీ."

"బాగలేకున్నా అనుండ్రి! మీదేం పోతది? పిల్ల పరేషానైతది."

సాంబమూర్తి గారు బదులు చెప్పలేదు. అది ఒప్పుకోవడమేనని పాండురంగం అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆండాలు గుర్రం బొమ్మ వేసింది. మాస్టారు దాన్ని ఎత్తి పట్టుకున్నారు.

"ముందు కాళ్ళు వెనక్కి పోతున్నాయి, వెనక కాళ్ళు ముందుకి. ఎటు పోవాలో దానికే తెలీడం లేదు. మళ్ళీ వెయ్యి."

ఆ పిల్లని ఎవరూ అలా అనరని పిల్లలకీ తెలుసు. ఆండాలు ఆయన వంక కాసేపు చూసింది.

"మరి మెడ సార్?"

"దాని సంగతి అడక్కు. పైపు బిగించావు."

సరిగ్గా అప్పుడే, పిల్లలకని మజ్జిగ బిందె పట్టుకుని పాండురంగం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చెయ్యి సక్కగలేని పిల్లను తిడతవా? మనిషివేనా?"

"నేనన్నది గుర్రాన్నండీ."

"నా హాలు ఖాళీ చెయ్!"

ఆ సాయంత్రమే వాష్‌బేసిన్లు అమ్మే వ్యాపారికి హాలు ఇస్తానని మాట ఇచ్చేశాడు. కాలనీ మొత్తం పాండురంగం పక్షమే. ‘పాపం’ అనే నోళ్ళన్నీ ఒక్కటై మాస్టారిని కసాయివాడన్నాయి. అప్పటిదాకా ఆయన గ్యాలరీ గడప తొక్కనివాళ్ళు కూడా ఆయన కళ గురించి తీర్పులిచ్చారు.

నేనూ కిందికి వెళ్ళి, "ఒక్క అబద్ధమాడితే పోయేదేముంది మాస్టారూ?" అన్నాను.

ఆయన గోడ నుంచి మేకులు పీకుతున్నారు. "ఆడదామనే అనుకున్నానండీ. బొమ్మ చేతికిస్తూ ఆ పిల్ల నా వంక ఎలా చూసిందో మీరు చూడలేదు" అన్నారు.

మర్నాడు నేను వాకిట్లో నీళ్ళు పట్టుకుంటున్నాను. పాండురంగం అరుగు మీద కూర్చుని ఎవరితోనో ప్లాటు బేరం చేస్తున్నాడు. ఆండాలు కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"మస్తుగున్నది బిడ్డా!" అన్నాడు బేరం ఆపకుండానే.

"సూడనే లేదు నువ్వు."

"సూసిన బిడ్డా."

"ఏమేసిన్నో చెప్పు."

పాండురంగం బేరగాడి వంక చూశాడు. "గుర్రం?"

"బిందె!" ఆండాలు కాగితం లాక్కుంది. "నువ్వెప్పుడు సూడవ్. ఎవ్వరు సూడరు. నా చెయ్యి సూసి మంచిగున్నదంటరు. సార్ ఒక్కడే బొమ్మను సూస్తడు. నాకు గూడ అందరి లెక్కనే తిట్టు పడ్డది. పోరగాండ్లకు చెప్పుకునేలోపల నువ్వొచ్చి లొల్లి జేసినవ్!"

బేరగాడు మెల్లిగా లేచి వెళ్ళిపోయాడు. నా బకెట్టు నిండి పొర్లుతోంది. కుళాయి కట్టెయ్యాలని నాకు తోచలేదు. ఆ చెయ్యి చూసేవాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

హాలు మాత్రం దక్కలేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనన్నాడు పాండురంగం. బొమ్మలు వేలాడిన గోడల ముందు తెల్లటి బేసిన్లు వరసగా నిలబడ్డాయి. దారినపోయేవాళ్ళు ఆగి, "ఎంత బాగున్నాయో!" అనుకున్నారు. మాస్టారి బొమ్మల ముందు ఏ ఒక్కరూ అంతసేపు ఆగలేదు.

అయితే ఇంటి వెనక రేకుల కొట్టం ఒకటి ఖాళీగా ఉంది. పొలంతోపాటు పశువుల్నీ అమ్మేశాక అందులోకి ఎవరూ పోలేదు. పాండురంగం దాన్ని స్వయంగా ఊడ్చి, అలికి, సాంబమూర్తి గారి దగ్గరికి వెళ్ళి తల గోక్కుంటూ నిలబడ్డాడు. మాస్టారు వచ్చి చూశారు. "వెలుతురు తప్పు వైపు నుంచి వస్తోంది" అన్నారు. తర్వాత సుత్తి అడిగారు.

ఒక మధ్యాహ్నం ఆండాలు అక్కడ ఆవు బొమ్మ వేసి తాతను పిలిచింది. పాండురంగం పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. పిల్లలందరూ గీయడం ఆపారు.

"మంచిగు..." అని మొదలుపెట్టి, మనవరాలి ముఖం చూసి ఆగిపోయాడు. మళ్ళీ కాగితంలోకి చూశాడు.

"గంగడోలేదే? ఆవుకు మెడ కింద తోలు ఊగులాడాలె గదా. నువ్వు మేకనేసినవ్ బిడ్డా."

"మా తాత గూడ తిట్టిండు!" అని ఆండాలు కేక పెట్టి, వీధిలోకి పరుగెత్తింది.

పాండురంగం కంగారుగా సాంబమూర్తి గారి వైపు తిరిగాడు. "తప్పు మాటన్ననా సార్?"

మాస్టారు ఆ బొమ్మ తీసుకుని దగ్గరగా చూశారు.

"కొమ్ముల సంగతి వదిలేశారండీ" అంటూ చాప మీద పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చారు.