మునిరత్నం మొక్కుకోడి

మదనపల్లెలో ఉదయం ఆరింటికి కుప్పం బస్సు ఎక్కేటప్పటికే నాకు కడుపు మండుతోంది. కారణం నా షడ్డకుడు మునిరత్నం. బ్రాయిలర్ కోళ్ళ షెడ్డు వేసి రెండేళ్ళు కాలేదు, మిద్దె లేపాడు, మోటారుసైకిలు కొన్నాడు. గొర్రెల దొడ్డి తీసేసి మనమూ షెడ్డు వేద్దామని మా ఆవిడ పట్టుబట్టి, చూసి రమ్మని నన్ను పంపింది. ఏదో ఒక లోపం పట్టుకురావాలని నేను బయలుదేరాను.

పుంగనూరులో ఇడ్లీ తినేంతసేపు బస్సు ఆగింది. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ మాత్రం నీళ్ళు. అక్కడ ఎక్కిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. మా షడ్డకుడి కోళ్ళు ఎంత వేగంగా పెరుగుతాయంటే, షెడ్డుకు చెవి ఆనిస్తే పెరిగే చప్పుడు వినబడుతుందని ఆమెకు చెప్పాను.

ఆమె వక్కాకు నములుతూ, "మా మనవడూ అట్లే పెరుగుతాండాడులే నాయనా" అంది.

పదకొండు దాటాక కుప్పంలో దిగాను. మునిరత్నం కొత్త బండి మీద నన్ను షెడ్డుకు తీసుకుపోయాడు. లోపలి ఘాటుకు కళ్ళు మండాయి. ఎటు చూసినా తెల్లకోళ్ళే, దాదాపు అన్నీ కూర్చునే ఉన్నాయి. ఒకటి లేచి నీళ్ళ దగ్గరికి నాలుగడుగులు వేసి, రొమ్ము బరువుకు మళ్ళీ చతికిలబడి రొప్పింది. అంత ఒళ్ళేసుకుని కూడా పసిపిల్లల్లా కిచకిచమంటున్నాయి.

"జాతే అట్లాంటిదన్నా. ఆరు వారాలకే లారీ ఎక్కించేస్తాం. ఆపైన పెట్టుకుంటే కాళ్ళు మోయవు" అన్నాడు మునిరత్నం, వాన గురించి చెప్పినంత మామూలుగా.

అది తెలిసి కూడా ఒక కోడిని ఆపైన పెట్టుకున్నాడు. షెడ్డు నిలబడితే గంగమ్మకు అందులోంచే పెద్ద కోడిని ఇస్తానని మొక్కుకున్నాడట. నాటుకోడిని ఇవ్వమని ఇంట్లో అందరూ చెప్పినా వినలేదు. ఆ రోజే మొక్కు. కోడిని తట్టలో మోసుకుపోయాం.

గుడి ముందు పూజారి కోడి మీద పసుపునీళ్ళు చల్లాడు. అది లేచి ఒళ్ళు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు; లేకపోతే కత్తి ఎత్తరు. ఇది లేవబోయింది. రెక్కలు నేలకు ఊతం పెట్టి ఒకసారి, మళ్ళీ ఒకసారి. కాళ్ళు చెరో పక్కకు జారిపోయాయి.

గుంపులో ఎవరో, "ఏమప్పా మునిరత్నం, దీనికి కుర్చీ కూడా తెచ్చినావా?" అన్నారు.

నాకు లోపల చల్లగా అయింది. అబద్ధమెందుకు, ఆ కోడిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అంతలో అది నోరు తెరిచి, గట్టిగా ఊపిరి లాగి, పక్కకు ఒరిగిపోయింది. కత్తి తగలనేలేదు. మునిరత్నం దాన్ని ఒళ్ళోకి తీసుకుని కాళ్ళు సరిచేస్తూ కూర్చున్నాడు.

"అమ్మకు నా షెడ్డు వద్దంటన్నా" అన్నాడు. షెడ్డులో ఉన్న కోళ్ళు పోగానే కొత్త కోడిపిల్లల లారీ రావాల్సి ఉంది. ఏం చేస్తావని అడిగాను. దించుకుంటానన్నాడు.

సాయంత్రం తిరుగు బస్సులో పలమనేరు దాటాక కండక్టరుకు ఇదంతా చెప్పాను. జన్మలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపలేదు.

అతను టికెట్లు సర్దుకుంటూ, "నీకు మీ షడ్డకుడి మీద కుళ్ళు ఉండాదన్నా" అన్నాడు.

ఉంది. ఆ బండి మీద ఇప్పటికీ ఉంది. అయినా కోడి లేవలేదు. ఇంటికి పోయి ఆ రెండు మాటలూ మా ఆవిడకు చెప్పాలి. ఏది ముందు చెప్పినా కోడి మాట నమ్మదు.