సగం ఎరుపు, నిండు ఎరుపు

అక్వేరియం చేపల టోకు గోదాములో డేగచూపని అందరూ ఆమెను డేగక్క అని పిలిచేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒక్కటే: కలగలిసిపోయిన చిన్న చేపలను జాతివారీగా వేరుచేయడం. పెంపకందారుల నుంచి వచ్చే కార్డినల్ చేపల పెట్టెల్లో ప్రతిసారీ ముప్పయ్యో నలభయ్యో నియాన్ చేపలు దూరి ఉండేవి. రెండూ చిటికెనవేలిలో సగం పొడవు. రెండింటి ఒంటి మీదా ఒకేలాంటి నీలిగీత. తేడా అంతా ఆ గీత కింది ఎరుపులో ఉంటుంది. నియాన్‌కు నడుము నుంచి తోక దాకా మాత్రమే ఎరుపు. కార్డినల్‌కు మొప్ప దగ్గర మొదలై తోక దాకా నిండుగా ఉంటుంది. వెచ్చటి నీళ్ళ తొట్లు పెట్టుకున్నవాళ్ళు కార్డినల్ చేపలే అడుగుతారు. ఆ నీళ్ళలో నియాన్ వారం తిరగకుండా చచ్చిపోతుంది. కనుక గోదాము పరువూ డేగక్క బతుకుతెరువూ ఆ కాస్త ఎరుపును పట్టుకునే వేలాడుతుండేవి.

గడిచిన ఏడాది ఆ ఎరుపు ఆమె కంటికి మొదట వెలిసిపోయింది, తర్వాత పూర్తిగా మాయమైంది. చూపు నడిమధ్యన బూడిదరంగు మచ్చ ఒకటి వచ్చి కూర్చుంది. పక్కనున్నవి తెలుస్తాయి, సూటిగా చూసింది మాత్రం కనిపించదు. కంటి డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూసి, చివరికి వాటన్నిటినీ పెట్టెలో సర్దేసింది.

"దీనికి మందు లేదమ్మా. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో కూడా చెప్పలేను" అంది.

ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అతను కుర్చీలు అల్లేవాడు. అల్లిన కుర్చీలు అడిగేవాళ్ళు లేక చాలాకాలంగా ఇంట్లోనే ఉంటున్నాడు.

"ఎవరికీ చెప్పకు. నడిచినన్నాళ్ళు నడవనీ" అన్నాడు.

"నడవాలన్నా దారి కనపడాలి కదయ్యా" అంది.

ఆ దారిని ఆమెకు పాడైపోయిన హీటరు ఒకటి చూపించింది. ఒకరోజు వేరుచేయాల్సిన తొట్టిలో నీళ్ళు మామూలు కన్నా బాగా వేడెక్కాయి. తల పక్కకు తిప్పుకుని నిలబడ్డ ఆమెకు, కంటి అంచున కదలిక తెలిసింది. కొన్ని చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మిగిలినవి అడుగున తమ మానాన తాము తిరుగుతున్నాయి. పైకి వచ్చిన నాలుగింటిని వలతో ఎత్తి, పక్కన చేపల్ని సంచుల్లో నింపి కట్టే ఆమె ముందు పెట్టింది.

"ఇవేంటో చెప్పు చూద్దాం."

"నాకు పరీక్షలు పెడుతున్నావా అక్కా? సగం ఎరుపే. నాలుగూ నియాన్లే."

"పర్లేదు, పనికొస్తావు" అంది డేగక్క.

మర్నాటి నుంచి ఆమె పెట్టె రాగానే తొట్టిని ముప్పయ్యొక్క డిగ్రీలకు వేడిచేసేది. కాసేపాగి, పైకి తేలినవాటిని ఎత్తి నియాన్ల తొట్టిలో వేసేది. నాలుగు నెలల్లో దుకాణాల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒకప్పుడు చేతిలో ఒక్క చేప చస్తే ఆ పూటంతా ముఖం మాడ్చుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు రోజూ ప్రాణులకు ఊపిరాడకుండా చేసి, అవి ఎప్పుడు తేలతాయా అని కాచుకుని కూర్చుంటోంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వల ఇంకాస్త వేగంగా ముంచేది.

వేడి తగిలిన నియాన్లు రెండు మూడు రోజులు బతికి, తమ తొట్టిలో వెల్లకిలా తేలసాగాయి. ఆ తొట్టి కడిగే పని సంచులు కట్టే ఆమెదే. చివరికి ఒకరోజు యజమాని ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"నీ చేతులకి సబ్బుంటోంది. అదే చంపేస్తోంది వీటిని."

"సబ్బా! ఇంట్లో గిన్నెలకే లేదు సార్, ఇక్కడికి మోసుకొస్తానా?"

"వెటకారాలు తర్వాత. చేపలెందుకు చస్తున్నాయో చెప్పు."

ఆమె డేగక్క వైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా. నీ మాటైతే వింటారు. ఈ షెడ్డులో నీకు తెలీకుండా చీమైనా కదలదు గదా."

డేగక్క వల దులిపింది. "నా పనిలో నేనుంటానమ్మా. ఎవరి చేతులెలా ఉన్నాయో నాకేం తెలుసు?"

"అబ్బో! మంచి సాక్ష్యమే చెప్పావక్కా" అని ఆమె చేతులు తుడుచుకుంది. మధ్యాహ్నం లోపలే ఆమెను పనిలోంచి తీసేశారు.

"కొత్త మనిషి దొరికేదాకా సంచులు కూడా నువ్వే కట్టక్కా. నీకదెంతసేపు?" అన్నాడు యజమాని.

సంచికి పది చేపలు. మర్నాడు ఒక దుకాణానికి చేరిన సంచిలో ఏడే ఉన్నాయి, ఇంకో దుకాణం సంచిలో పదమూడు. యజమాని ఒక సంచిని ట్యూబులైటు ముందు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇందులో ఎన్నున్నాయక్కా?"

ఆమె తల కుడికి వంచింది, ఎడమకు వంచింది. "పది."

"చూసి చెప్పు."

"పది ఉండాలి బాబూ."

అతను సంచి దించేశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది." ఆ తర్వాత మిగిలిందీ చెప్పేసింది, వేడినీళ్ళతో సహా. "సబ్బు కాదు బాబూ. చంపింది నేను. ఆ పిల్లని పిలిపించండి."

అతను అక్కడికక్కడే ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టాడు.

"నావి సబ్బు చేతులు కదా సార్. మీ చేపలకెందుకా గండం?" అంది అవతలి గొంతు. ఫోన్ తెగిపోయింది.

యజమాని ఫోన్ జేబులో పడేశాడు. "ఎలా చేసేదానివో ఒక్కసారి చూపించు" అన్నాడు.

డేగక్క హీటరు తిప్పింది. పావుగంటకు నియాన్లు ఒక్కొక్కటే పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి.

"చాలు, ఆపెయ్" అని అతనే స్విచ్చి కట్టేశాడు. "రేపటి నుంచి..."

"రాను బాబూ."

నీళ్ళు అంత త్వరగా చల్లబడవని ఆమెకు తెలుసు. వలను అతని చేతికిచ్చి, "నియాన్లని తొందరగా తియ్యండి, చచ్చిపోతాయి" అంది. అతను గబగబా ముంచాడు. ముంచిన ప్రతిసారీ వలలో రెండు రకాలూ కలిసే వచ్చాయి.