ఏ అక్షరానికీ కుదరని చిన్నది

"ఆ వంకాయ ముట్టుకోకు, ఇంకా తొడిమ అవలేదు" అని వంటింటి వైపు ఒక కేక వేసి, బొమ్మలావిడ మళ్ళీ కాగితం మీదికి వంగింది.

ఆదివారం పొద్దున పది గంటలు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పీట, పీట మీద ఒకే ఒక్క వంకాయ. మిగిలినవన్నీ అప్పటికే ముక్కలై గిన్నెలో నీళ్ళలో తేలుతున్నాయి. చాకు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన చిన్నకూతురు, తల్లి భుజం మీంచి తొంగి చూసింది.

"నీ తొడిమ అయ్యేసరికి మనకి మూడవుతుంది."

"అంత ఆకలేస్తే ఈ కాగితం తిను. ఉప్పు మాత్రం చూసి వేసుకో."

"ఎనభై ఒకటి వచ్చాయి. నోటికి మాత్రం ఇంకా పదహారే."

"చేతికి కూడా పదహారే. వెలుగుకి అడ్డం, జరుగు."

చిన్నది జరిగింది. అరగంట పోయాక వచ్చి చూస్తే బొమ్మ పూర్తయింది. తొడిమ మీద ముళ్ళు కూడా పడ్డాయి. పెన్సిలు పెట్టెలో పెట్టి ఉంది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంది. అలసిపోయి కునుకు తీస్తోందనుకుని, చిన్నది చప్పుడు కాకుండా వంకాయ తీసుకెళ్ళి తరిగి, మిగతా ముక్కల్లో కలిపేసింది. కూర దించి, కంచాలు కడిగి, భోజనానికి లేపబోయినప్పుడు గానీ తెలియలేదు.

ఆ ఇంట్లో కూర ముందు కాగితం మీద ఉడికేది, ఆ తర్వాతే గిన్నెలో. ఇది చిన్నదాని తండ్రి బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పిన మాట. గోడు వెళ్ళబోసుకుంటున్నట్టు మొదలుపెట్టి, గొప్ప చెప్పుకుంటున్నట్టు ముగించేవాడు. దోసకాయ మూడు రోజులు బల్ల మీదే ఉండి మెత్తబడిపోయిన కథ, బొమ్మ సగంలో ఉండగా కోడిపుంజు కిటికీలోంచి ఎగిరిపోతే తను వీధి చివరిదాకా దాని వెనకాల పరిగెత్తిన కథ, ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి విసుగు రాలేదు. వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పోస్టుమాను కూడా "బొమ్మలావిడ ఇల్లు" అనే గుర్తుపెట్టుకున్నాడు.

ఆవిడకి గీత నేర్పింది వాళ్ళమ్మ. విచిత్రం ఏమిటంటే ఆ తల్లికి బొమ్మలు గియ్యడం రాదు. ఆవిడ దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని ఆ వీధివాళ్ళ గౌన్లూ చొక్కాలూ కుట్టేది. గుడ్డ పరిచి, సుద్దముక్క తీసుకుని, కాసేపు ఊరికే చూసేది. తర్వాత ఒక్క గీత లాగేది. మెడ వంపు, చంక వంపు, నడుము, అన్నీ ఆ ఒక్క గీతలోనే వచ్చేసేవి. "చెరిపితే మరక. తప్పితే గుడ్డ పాడు. అందుకని ముందు బుర్రలో గియ్యి, తర్వాత చెయ్యి కదుపు" అనేది. మిషను కింద కూర్చుని, రాలిన సుద్దముక్కలతో గచ్చు మీద గీసుకున్న పిల్ల, పెద్దయ్యాక కాగితం మీదా అలాగే గీసింది. ఆవిడ బల్ల మీద రబ్బరు ఎప్పుడూ ఎవరూ చూడలేదు. ఒకసారి గీసిన బొమ్మని రెండోసారి గియ్యదని ఆవిడకి పేరు. ఆ పేరు ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకుని మోశారు. "మా కోడలి చేతికి వెనక్కి తిరగడం తెలీదు" అని అత్తగారే వీధి అరుగు మీద కూర్చుని చెప్పేది. కోడలి ఎదట మాత్రం ఒక్క మాట పైకి రానిచ్చేది కాదు.

మొదట్లో వారపత్రికలకి అగ్గిపెట్టెంత బొమ్మలు గీసింది. తర్వాత ఒక అచ్చాఫీసు వాళ్ళు ఒకటో తరగతి తెలుగు వాచకానికి బొమ్మలు అడిగారు. అక్షరానికొక బొమ్మ, మొత్తం యాభై పైచిలుకు. ఎదురుగా మనిషి ఉంటేనే ఆవిడ మనిషిని గీస్తుంది. బయటివాళ్ళని గంటలకొద్దీ ఎవరు నిలబెడతారు? ఇంట్లోవాళ్ళే దొరికారు.

'అ' కి అమ్మ కావాలి. అత్తగారు ముఖం కడుక్కుని, నున్నగా తల దువ్వుకుని వచ్చి బల్ల ముందు కూర్చుంది.

"ఏమే కోడలా, ఇన్నేళ్ళకి నన్ను అమ్మగా ఒప్పుకున్నావన్నమాట."

"అక్షరానికి అవసరం వచ్చింది అత్తయ్యా."

"పోన్లే. అక్షరం పుణ్యమా అని అయినా."

'ఈ' కి ఈత. కొడుకుని స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ చాపమంది. వాడు కాసేపటికే "నీళ్ళేవమ్మా?" అని మొరాయిస్తే, "నీళ్ళు నేను గీస్తాను, నువ్వు ఈదు" అంది. ఇప్పుడు వాడికి అరవై దగ్గర పడుతున్నాయి. ఇప్పటికీ ఈత రాదు గానీ, ఊళ్ళో పిల్లలందరూ వాణ్ణి చూసే 'ఈ' నేర్చుకున్నారు. 'ఊ' కి పెద్దకూతురు ఊయల ఎక్కింది. 'ర' కి తండ్రి రాజయ్యాడు. నెత్తిన బోర్లించిన ఇత్తడి గిన్నె, భుజాల మీద దుప్పటి, చేతిలో గొడుగు. సరిగ్గా అప్పుడే పక్కింటాయన నిచ్చెన అడగడానికి వచ్చి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోతే, "రాజుగారు కొలువులో ఉన్నారు నాయనా, రేపు రా" అని అత్తగారు తలుపు దగ్గరికి వేసేసింది.

'ణ' దగ్గర పని ఆగింది. ఆ అక్షరంతో మొదలయ్యే మాట లేదు. వీణ వేసెయ్యమన్నారు అచ్చాఫీసువాళ్ళు. "అక్షరం వెళ్ళి మాట చివర దాక్కుంటే పిల్లలు ఎలా పట్టుకుంటారండీ?" అని ఆవిడ ఒప్పుకోలేదు. రెండు రోజులు కిటికీ దగ్గర ఊరికే కూర్చుంది. మూడో రోజు బాణం గీసింది. 'బాణం' అన్న మాట మీదుగా దూసుకొచ్చిన బాణం, మొన సరిగ్గా వచ్చి 'ణ' మీద గుచ్చుకుంటుంది. అది చూసి అచ్చాఫీసు యజమాని లేచి నిలబడ్డాడని తండ్రి చెప్పేవాడు. లేచి నిలబడ్డ సంగతి నిజమో, తండ్రి తగిలించిన ముక్కో తెలీదు.

ఆ పుస్తకంలో ఇంటిల్లిపాదీ ఉన్నారు. చిన్నది మాత్రం లేదు.

ఆ సంగతి దానికి ఆరో ఏట తెలిసింది. బళ్ళో కొత్త పుస్తకం ఇచ్చిన రోజున, ఇంటికొచ్చి అట్ట నుంచి అట్ట దాకా మూడుసార్లు తిరగేసింది. నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అన్నా అక్కా ఉన్నారు.

"నేనేదమ్మా?"

తల్లి సిరా కలుపుకుంటూ తలెత్తకుండానే, "నీ మొహం ఏ అక్షరానికీ కుదర్లేదే" అంది.

అన్నకి అది చాలు. "ప కి పాప పెట్టొచ్చుగా? పలక పెట్టింది చూడు. నీకంటే పలక నయం" అని ఏడాది పొడుగునా ఏడిపించాడు. వాడు మర్చిపోయాడు గానీ చిన్నది మర్చిపోలేదు. నవ్వుతూనే ఉండేది, కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. నలుగురు కూర్చుని పాత కబుర్లు చెప్పుకునేటప్పుడు, పుస్తకం మాట రాగానే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేది.

పెద్దయ్యాక టీచరయింది. ఒకటో తరగతే ఇచ్చారు. ఇరవయ్యారేళ్ళుగా తల్లి గీసిన పుస్తకమే పట్టుకుని పాఠం చెబుతోంది. మొదటి రోజున పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఇది మా నాయనమ్మ. ఇదిగో, నీళ్ళలో ఉన్నాడే, వీడు మా అన్నయ్య. ఈ రాజుగారు మా నాన్నగారు" అని చూపిస్తుంది. పిల్లలు కళ్ళు ఇంతింత చేసుకుని వింటారు. ఎవరో ఒకరు అడుగుతారు: "మరి మీరు ఏ అక్షరం టీచర్?"

"నేను పుస్తకం అయిపోయాక పుట్టాను."

ఇరవయ్యారేళ్ళుగా ఏటేటా అదే అబద్ధం. తడబడకుండా చెప్పడం అలవాటయిపోయింది.

అయినా ఆ పుస్తకం అంటే దానికి ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. మిగతా పుస్తకాల్లో పిల్లలు మేకని చూసి కుక్క అంటారు, జామకాయని చూసి బంతి అంటారు. ఈ పుస్తకంలో ఏ పిల్లా ఏ బొమ్మ దగ్గరా ఆగదు. వేలు పెట్టడం, పేరు చెప్పడం, అంతే. ఒకసారి తనిఖీకి వచ్చినాయన పక్కన కూర్చుని చూసి, "మీరు ముందే బట్టీ పట్టించారా ఏమిటి?" అన్నాడు. "నేనేమీ చెయ్యలేదు సార్. మా అమ్మ గీత అలాంటిది" అంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెబితే, తల్లి విననట్టు చెప్పులు సర్దుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పోయిన ఏడాది ఒక రోజు గట్టిగానే అడిగింది. "నిజం చెప్పమ్మా. అప్పుడు నాకు రెండేళ్ళు దాటాయి. కూర్చోగలను, నిలబడగలను. ఒక్క బొమ్మకి కూడా పనికిరాలేదా?"

"నువ్వు కుదురుగా కూర్చునే పిల్లవేనా? నీకు వేరే పనుండేది."

"ఏం పని?"

"అందరి పనికీ అడ్డం పడడం" అని నవ్వేసి, చత్వారం అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

ఆవిడ పోయిన రెండు వారాలకి ఒక ముసలాయన వచ్చాడు. కర్ర ఆనించుకుని మెట్లు ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. ఆ రోజుల్లో బొమ్మ అచ్చు కావాలంటే దాన్ని ముందు జింకు రేకు మీదికి ఎక్కించి బ్లాకు చెయ్యాలి. అచ్చాఫీసులో ఆ పని చేసినాయన ఈయనే. అన్నా అక్కా ఇంకా ఊరెళ్ళలేదు. ముగ్గురూ ఎదురుగా కూర్చున్నారు. ఆయన మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ముగ్గురినీ ఒకసారి పారజూశాడు.

"మీలో ఆఫీసరమ్మ ఎవరు?"

"మాలో ఆఫీసర్లెవరూ లేరండీ" అన్నాడు అన్న. "నేను బస్సు డిపోలో చేసి మానేశాను, ఇది బ్యాంకులో గుమాస్తా, అది టీచరు."

"ఉద్యోగం సంగతి కాదు బాబూ. అందరికన్నా చిన్నవాళ్ళెవరు?"

"నేనండీ" అంది చిన్నది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "మీరేనా! ఏడాదిపాటు మా అందరి ప్రాణాలూ తోడేశారు కదమ్మా. బొమ్మ ఏదండీ అని వస్తే, 'ఆఫీసరమ్మ ఇంకా ఒప్పుకోలేదు' అనేవారు అమ్మగారు. పై నుంచి ఎవరో గట్టి మనిషి వచ్చి చూస్తోందని మేం హడలిపోయేవాళ్ళం. చివరికి ఎలుక బొమ్మ కోసం నేనే వచ్చాను. ఇదే గదిలో మీరు నేల మీద కూర్చున్నారు, లాగు ఒకటే ఉంది ఒంటి మీద. అమ్మగారు బొమ్మ చూపించి 'ఇదేంటమ్మా?' అన్నారు. మీరు 'పిల్లి' అన్నారు. ఆవిడ బొమ్మని పర్రుమని చింపేశారు."

"అబ్బే, మా అమ్మ రెండోసారి గియ్యదండీ" అన్నాడు అన్న.

"ఆ మాట నాకూ చెప్పారు బాబూ. చెప్పిన రోజునే ఎలుకని ఐదోసారి గీశారు. ఐదోది చూడగానే ఈవిడ 'ఎలక!' అని కాళ్ళు పైకి లాగేసుకున్నారు. తడి ఆరకుండానే నా చేతిలో పెట్టి, 'ఇంట్లో అనకండి. మా అత్తగారికీ ఆయనకీ నా చెయ్యంటే గురి' అన్నారు. ఈ నాటిదాకా నేను ఎక్కడా అనలేదు."

అక్క చిన్నదాని వైపు చూసింది. చిన్నది నేల వైపు చూస్తోంది.

"అన్ని బొమ్మలూ నాకు చూపించిందా?"

"అన్నీనమ్మా. మీరు పేరు చెబితే అచ్చుకి, చెప్పకపోతే చెత్తబుట్టకి. 'చదువు రానివాళ్ళ కోసం కదండీ పుస్తకం. మా ఇంట్లో చదువు రానిది ఇదొక్కత్తే' అనేవారు. చింపకుండా ఆపింది ఒక్క ఒంటెనే. మూడు వారాలు ఆపారు. మళ్ళీ గియ్యరేమండీ అంటే, 'బొమ్మలో తప్పులేదు, పిల్లే ఒంటెని చూళ్ళేదు' అన్నారు. అప్పుడు పక్క ఊళ్ళో సర్కసు దిగింది. మిమ్మల్ని చంకనేసుకుని బస్సెక్కి వెళ్ళి చూపించుకొచ్చారు. దాన్ని చూసి మీరు గుక్కపట్టి ఏడ్చారట. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి మిమ్మల్ని భుజానేసుకుని ఊరుకోబెడుతూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. బొమ్మ నా చేతికిచ్చి, 'తీసుకెళ్ళండి, ఈ బొమ్మ చూసి కూడా ఏడ్చింది' అన్నారు."